తడోబా వెళ్తున్నారా? ముందు గేటు, తర్వాతే గది

 

ఈరోజు తడోబా గురించి మాట్లాడుకుందాం. మహారాష్ట్రలో, చంద్రాపూర్ జిల్లాలో ఉన్న నేషనల్ పార్క్. "పులి కనిపించిందా లేదా, అది చెప్పు ముందు" అని మీలో సగం మంది ఇప్పటికే అనుకుంటుంటారు, నాకు తెలుసు. చెప్తా. కానీ దానికంటే ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ వీడియో చూసి మీలో ఒక్కరైనా ఆ పని చేయకుండా ఆగితే చాలు నాకు.

మాది మంచిర్యాల. మా బాపు సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊరి పక్క అడవిలో పులి గాండ్రింపు విన్నాడంట, కానీ కంటితో చూడలేదు. జీవితంలో ఒక్కసారి చూడాలి అని ఎప్పుడూ అంటుండేవాడు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ మాట అనడం కూడా మానేశాడు. అది నాకు బాధనిపించింది. సరే, నడవగలిగినప్పుడే తీసుకెళ్దాం అని ఫిబ్రవరి చివర్లో ప్లాన్ వేశాను. బాపు, నేను, మా చిన్నమ్మ కొడుకు, ఒక ఫ్రెండ్. మొత్తం నలుగురం.

నేనేం చేశానంటే, మొదట గది బుక్ చేశాను. మొహర్లీలో. చంద్రాపూర్‌కి దగ్గర, ఫొటోల్లో బాగుంది, రేటు కూడా పర్లేదు. తర్వాత తీరిగ్గా సఫారీ టికెట్ల కోసం చూస్తే మొహర్లీ గేటు నిండిపోయింది. కోలారా గేటులో మాత్రం ఖాళీ ఉంది. ఒకటే పార్కు కదా, గేటు ఏదైతే ఏంటి, లోపలికి వెళ్లడమే కదా అనుకుని కొట్టేశాను. జూ పార్కులో మెయిన్ గేటు, వెనక గేటు ఉన్నట్టు ఉంటుంది అనుకున్నా.

మొదటి రోజు రాత్రి భోజనం దగ్గర అక్కడ వడ్డించే అన్న అడిగాడు, "రేపు పొద్దున ఏ గేటు?" అని. కోలారా అన్నా. ఆయన గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఇక్కడి నుంచా?" అన్నాడు.

మొహర్లీ అడవికి దక్షిణం వైపు. కోలారా ఉత్తరం వైపు, చిమూర్ దగ్గర. మధ్యలో ఉన్నదంతా పులుల అడవి. చీకట్లో మన బండేసుకుని అడవి మధ్యలోంచి పోనివ్వరు. చుట్టూ తిరిగి వెళ్లాలి. రాత్రి తొమ్మిదిన్నరకి బండి వెతుక్కుని, తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరితే రెండు గంటలకు పైనే పట్టింది. బాపు నడుం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకే మొదటి మాట ఇదే రాసుకోండి. ముందు గేటు టికెట్ దొరకాలి. ఆ తర్వాతే ఆ గేటు పక్కన గది. ఆ తర్వాతే రైలు టికెట్. అందరం దీన్ని తలకిందులుగా చేస్తాం. రైలు టికెట్ మొదట, గది తర్వాత, సఫారీ చివర్లో. అలా చేస్తే డబ్బులు కట్టాక అడవి బయట కూర్చుని టీ తాగి రావాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు తడోబా ఎలా ఉంటుందో చెప్తా, అప్పుడు గేట్ల సంగతి అర్థమవుతుంది. 1955లో దీన్ని నేషనల్ పార్క్ చేశారు. మహారాష్ట్రలో అన్నిటికంటే పాతది. పక్కనే అంధారి అభయారణ్యం, అది 1986లో వచ్చింది. రెండూ కలిపి 1995లో తడోబా–అంధారి టైగర్ రిజర్వ్ అయ్యాయి. నేషనల్ పార్క్ వరకే అయితే 116 చదరపు కిలోమీటర్లు. అంధారితో కలిపితే కోర్ 625. దాని చుట్టూ బఫర్ ఇంకో 1100 వరకు ఉంటుంది. కోర్ అంటే లోపలి అడవి. బఫర్ అంటే చుట్టూ ఊళ్లూ, పొలాలూ, అడవీ కలిసి ఉండే పట్టీ. మొహర్లీ, కోలారా, నవేగావ్, ఖుట్వండా, పాంగ్డీ, జరీ ఇవి కోర్‌లోకి వెళ్లే గేట్లు. బఫర్‌కి వేరే గేట్లున్నాయి. అగర్‌జరీ, జునోనా, అలీజంజా, మద్నాపూర్ ఇలా.

"కోర్ నిండిపోయింది, ఇక లాభం లేదు" అని వెనక్కి తగ్గకండి. పులికి కోర్ ఏదో బఫర్ ఏదో తెలియదు. బఫర్‌లో కూడా పులులు తిరుగుతాయి, చాలామందికి అక్కడే కనిపించాయి. కోర్‌లో అడవి మరీ చిక్కగా, ప్రశాంతంగా ఉంటుంది. తడోబా చెరువు ఉండేది కూడా అక్కడే. ఒకటి కోర్, ఒకటి బఫర్ పెట్టుకోండి. మూడు సఫారీలకు డబ్బుంటే ఇంకా మంచిది. ఒక్క సఫారీకి మాత్రం అంత దూరం వెళ్లకండి. నాలుగు గంటల్లో ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు.

బుకింగ్ మహారాష్ట్ర అటవీ శాఖ సొంత సైట్‌లోనే చేయండి. సెర్చ్ కొడితే పైన ఒకేలా కనిపించే సైట్లు బోలెడు వస్తాయి. పేర్లలో తడోబా అని ఉంటుంది, పులి బొమ్మ ఉంటుంది, వాట్సాప్ నంబర్ ఉంటుంది. అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఏజెంటో, మోసమో. ఏజెంట్లందరూ దొంగలని కాదు, కానీ టికెట్ మీద మీ పేరు, మీ ఐడీ నంబర్ పడాలి. బుక్ చేసేటప్పుడు అందరి ఐడీ వివరాలు అడుగుతారు, గేటు దగ్గర అదే ఐడీ ఒరిజినల్ చూపించాలి. ఒక జిప్సీలో ఆరుగురు. గైడు, డ్రైవరు అదనం. నలుగురే వెళ్లినా బండి మొత్తానికి కట్టాలి కాబట్టి ఆరుగురు గ్యాంగ్ అయితే మనిషికి తక్కువ పడుతుంది. శని, ఆదివారాలు రేటు ఎక్కువ, టికెట్లు కూడా తొందరగా అయిపోతాయి. మంగళవారం పార్కుకి సెలవు. ఇది మర్చిపోయి సోమవారం దిగి మంగళవారం ప్లాన్ వేసుకునేవాళ్లు ఉన్నారు. నవ్వకండి, మా ఫ్రెండ్ మొదట అలాగే వేశాడు.

ఎప్పుడు వెళ్లాలి? జూలై నుంచి సెప్టెంబర్ చివరి దాకా కోర్ మూసేస్తారు, వానాకాలం. అక్టోబర్ 1న తెరుస్తారు. అక్టోబర్, నవంబర్‌లో అడవి పచ్చగా, గుబురుగా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ పది అడుగుల దూరంలో పులి ఉన్నా కనిపించదు. డిసెంబర్, జనవరిలో పొద్దున సఫారీ అంటే ఓపెన్ జిప్సీలో వణుకుతూ కూర్చోవడమే. ఏప్రిల్, మే నెలల్లో ఆకులు రాలిపోయి, నీళ్లు ఎండిపోయి, జంతువులన్నీ నీటి గుంటల దగ్గరికి వస్తాయి. పులి కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. కానీ చంద్రాపూర్ ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. రామగుండం వాళ్లం, మంచిర్యాల వాళ్లం, మాకే "అబ్బో" అనిపిస్తుంది. 45 డిగ్రీలు అక్కడ మామూలు. పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని తీసుకెళ్తే మే వద్దు. అందుకే నేను ఫిబ్రవరి చివర పెట్టుకున్నా. అప్పుడే మోదుగ పూస్తుంది. ఎండు అడవి మధ్యలో నిప్పు పెట్టినట్టు ఉంటుంది ఆ చెట్టు.

వెళ్లడం మనకి చాలా తేలిక. సికింద్రాబాద్, కాజీపేట, మంచిర్యాల, కాగజ్‌నగర్, ఆ తర్వాత బల్హార్షా. ఢిల్లీ లైనే. చంద్రాపూర్‌లో ఆగే రైలు దొరికితే అక్కడ దిగండి, లేకపోతే బల్హార్షాలో దిగండి, అక్కణ్నుంచి చంద్రాపూర్ 15 కిలోమీటర్లు. చంద్రాపూర్ నుంచి మొహర్లీ 30 వరకు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి మొహర్లీ, బఫర్ అయితే జునోనా, అగర్‌జరీ బాగుంటాయి. నాగ్‌పూర్ దాకా విమానంలో వచ్చేవాళ్లకి కోలారా, నవేగావ్ దగ్గర. దారిలో థర్మల్ ప్లాంటు, బొగ్గు గనులు. మా బాపు కిటికీలోంచి చూసి "ఇంత దూరం వచ్చినా బొగ్గేనారా" అన్నాడు. ఆ థర్మల్ ప్లాంటుకి నీళ్లిచ్చే ఇరై డ్యామ్ కూడా ఈ అడవి అంచునే ఉంటుంది.

ఇప్పుడు మీకు అస్సలు నచ్చని విషయం. కోర్‌లో ఫోన్ వాడకూడదు. గేటు దగ్గరే తీసి పెట్టేయాలి. కెమెరాకి అనుమతి ఉంది, పెద్ద లెన్స్ తీసుకెళ్తే ఫీజు ఏమైనా ఉందేమో ముందే చూసుకోండి. ఫోన్ మాత్రం లేదు. రీల్ లేదు, స్టోరీ లేదు.

ఇది చెప్తే "ఓకే, ఫొటోలు తీయం" అని ఊరుకుంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి, మన ఫోన్‌లో ఏమేం ఉన్నాయో. సఫారీ టికెట్ ఫోన్‌లో. ఆధార్ ఫోన్‌లో. డబ్బులు ఫోన్‌లో. డ్రైవర్ నంబర్ ఫోన్‌లో. టైమ్ ఎంతయిందో కూడా ఫోన్‌లోనే. గేటు దగ్గర సిగ్నల్ సరిగ్గా లేక టికెట్ తెరుచుకోకపోతే ఆ చీకట్లో ఎవరికి చెప్పుకుంటారు? టికెట్ ప్రింట్ తీసుకోండి. ఆధార్ కార్డు ఒరిజినల్ జేబులో పెట్టుకోండి. ఐదారు వందలు చిల్లర నోట్లు ఉంచుకోండి. చేతికి వాచీ పెట్టుకోండి, మీ తాతయ్యది ఉంటే అడిగి తీసుకోండి. స్టీలు సీసాలో నీళ్లు. బట్టలు మట్టి రంగు, ముదురు పచ్చ, అలాంటివి. ఎర్ర టీషర్టు, ఘాటు సెంటు వద్దు. దుమ్ముకి తువ్వాల. అంతే.

ఇంకోటి, సీటు. జిప్సీలో ముందు డ్రైవరు, గైడు. వెనక రెండు వరసలు, మూడేసి సీట్లు. చిట్టచివరి వరసలో బండి ఎగిరినప్పుడల్లా నడుం విరుగుతుంది. పెద్దవాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టండి, అదీ చివరి అంచున, చూడ్డానికి లేవాల్సిన అవసరం లేకుండా. నేను ఇది కూడా మొదటి రోజు తెలుసుకోలేదు.

సరే, కోలారా గేటులోంచి లోపలికి వెళ్లాం. మొదటి అరగంట నా చెయ్యి జేబు దగ్గరికి పోతూనే ఉంది. అలవాటు. బాపు చూసి నవ్వాడు. "ఏంరా, బీడీ మానేసినోడి లెక్క చేస్తున్నవ్" అన్నాడు. నిజంగా అలాగే ఉంది.

ఆ పొద్దున పులి కనిపించలేదు. నాలుగు గంటలు. కానీ నేను విసుక్కోలేదు, ఎందుకో చెప్తా. మా గైడు ఒక అక్క, మొహర్లీ వైపు ఊరావిడ. హిందీలో మాట్లాడేది. ఒక మలుపు దగ్గర బండి ఆపించి, ఇంజన్ కట్టించి, "వినండి" అంది. ఏమీ లేదు. ఆకు చప్పుడు. కాసేపటికి దూరంగా చెట్టు మీద కొండముచ్చు అరిచింది. తర్వాత చుక్కల దుప్పి. ఆమె చెయ్యెత్తి ఆగమంది. "కొండముచ్చు ఒక్కోసారి ఊరికే భయపడుతుంది. దుప్పి కూడా. కానీ కణుజు అరిస్తే మాత్రం దాదాపు పక్కా" అంది. పది నిమిషాలు కణుజు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. అరవలేదు. పులి లేచి ఎటో వెళ్లిపోయి ఉంటుంది. కానీ ఆ పది నిమిషాలు నేను ఎప్పుడూ అలా వినలేదు. తర్వాత అడవిదున్న కనిపించింది, దారి పక్కనే నమిలుకుంటూ. రేచుకుక్కల గుంపు దారి దాటింది, పరుగున. తపసి చెట్లు తెల్లగా, బెరడు ఊడిపోయి మనిషి ఒళ్లులాగా. వాటి బంక అమ్మేవాళ్లమని బాపు చెప్పాడు. తునికి, ఇప్ప, టేకు, వెదురు, అన్నీ ఆయనకి తెలిసినవే. గైడు అక్క మరాఠీలో పేరు చెప్పడం, ఈయన తెలుగులో చెప్పడం. మధ్యలో నాకు ఒక్క చెట్టు పేరూ రాదు.

తడోబా అనే పేరు కూడా ఆమే చెప్పింది. తారు అనే గోండు పెద్ద పులితో పోరాడి చనిపోయాడని, ఆయన్నే దేవుడిగా కొలుస్తారని. చెరువు ఒడ్డున ఆయన గుడి ఉంది. పుష్య మాసంలో జాతర చేస్తారు. చెరువులో మొసళ్లుంటాయి, దిగాలని సరదా పడకండి. దిగనివ్వరు కూడా, అది వేరే విషయం.

అడవి లోపల పెద్ద పెద్ద గడ్డి మైదానాలు కనిపిస్తాయి. దుప్పులు మేస్తుంటాయి, ఫొటోల్లో అదిరిపోతాయి. అవి ఒకప్పుడు ఊళ్లు. జామ్ని, నవేగావ్ లాంటి ఊళ్లను కోర్‌లోంచి బయటికి తరలించారు. వాళ్ల పొలాలే ఇప్పుడు ఆ మైదానాలు. అది విన్నాక బాపు చాలాసేపు మాట్లాడలేదు. సింగరేణి ఓపెన్ కాస్టుల కోసం ఊళ్లు లేపడం ఆయన కళ్లారా చూశాడు.

రెండో సఫారీ బఫర్‌లో, ఆ మర్నాడు సాయంత్రం. ఇక్కడ పులి కనిపించింది. ఎలా కనిపించిందో చెప్తా.

దారి మీద ముందే ఏడెనిమిది జిప్సీలు ఆగి ఉన్నాయి. మా డ్రైవరు ఒక్కసారిగా వేగం పెంచాడు. వెళ్లి ఆ గుంపులో దూరాం. అందరూ సీట్ల మీద నిలబడ్డారు. పొదల్లోంచి ఆడపులి బయటికి వచ్చి దారి దాటాలని చూస్తోంది. దాటడానికి సందు లేదు. ఇటు బండ్లు, అటు బండ్లు. అది ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ఆగి చూసింది. మా ముందు బండిలో ఒకాయన "ఇటు చూడు, ఇటు చూడు" అని చిటికెలు వేస్తున్నాడు. పులికి.

బాపుకి ఏమీ కనిపించడం లేదు. మోకాళ్లు పట్టేసి నిలబడలేకపోతున్నాడు, ముందు మనుషుల వీపులు. నేను ఆయన్ని లేపడానికి భుజం పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి తీసేసి డ్రైవర్‌తో, వచ్చీ రాని హిందీలో, "వెనక్కి తీయ్, దానికి దారి ఇయ్యి" అన్నాడు. డ్రైవరు గైడు వైపు చూశాడు. ఆయన తలూపాడు. మేం వెనక్కి జరిగాం. ఇంకో బండి కూడా జరిగింది. ఆ సందులోంచి పులి దాటి వెళ్లిపోయింది. వెనక్కి జరిగినందువల్లే బాపుకి కనిపించింది, కూర్చున్న చోటు నుంచే. రెండు మూడు సెకన్లు. వీపు, తోక.

అదృష్టం కొద్దీ అలా జరిగింది, లేకపోతే నేను ఈ వీడియో చేసేవాణ్ని కాదు. కొంతమంది గుర్తుంచుకునే ఉంటారు, 2024 డిసెంబర్ 31న నాగ్‌పూర్ దగ్గర ఉమ్రేడ్ అభయారణ్యంలో ఒక ఆడపులినీ, దాని ఐదు పిల్లల్నీ ఇలాగే రెండు వైపులా జిప్సీలతో నిలిపేశారు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. గైడ్లనీ, డ్రైవర్లనీ సస్పెండ్ చేశారు. బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ తనంతట తానే కేసు తీసుకుంది. శిక్ష పడింది బండి నడిపినవాళ్లకి. సరే, తప్పే. కానీ ఆ బండిలో కూర్చుని "పోనీయ్ అన్నా, ఇంకొంచెం దగ్గరికి, టిప్ ఇస్తాం" అనేది ఎవరు? మనమే కదా. నేను కూడా మొదటి రోజు పొద్దున గైడు అక్కతో "పులి చూపిస్తే వెయ్యి ఇస్తా అక్కా" అన్నాను. సరదాకే అన్నా. ఆమె నవ్వలేదు. ఇప్పుడు అర్థమైంది ఎందుకో. టిప్ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, కానీ పులి కనిపించకపోయినా ఇవ్వండి. ఎక్కేటప్పుడే చెప్పండి, "మాకు తొందర లేదు, దూరం నుంచే చూస్తాం" అని. ఆ ఒక్క మాటతో డ్రైవరు నడిపే పద్ధతి మారిపోతుంది. మేం తర్వాతి సఫారీలో చేసి చూశాం.

ఆ గైడు అక్క మొదటి రోజు ఇంకో మాట చెప్పింది. ఏప్రిల్‌లో ఇప్ప పూలు ఏరడానికి, మేలో తునికాకు కోయడానికి వాళ్ల ఊరివాళ్లు ఆ అడవిలోకే నడిచి వెళ్తారు. తెల్లవారుజామున, వంగి. మనం టికెట్ కొని, జిప్సీ ఎక్కి, పులి కనిపించాలని మొక్కుకునే అదే టైమ్‌లో వాళ్లు కనిపించకూడదని మొక్కుకుంటారు. చంద్రాపూర్ జిల్లాలో ప్రతి ఏడాదీ పులుల దాడుల్లో మనుషులు చనిపోతున్నారు. ఇదేదో పక్క రాష్ట్రం గొడవ కాదండీ. తడోబాలో పుట్టి పెరిగిన పులులు చోటు చాలక మన కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు వస్తాయి, అక్కణ్నుంచి కవ్వాల్ దాకా. కవ్వాల్‌ని 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. మధ్యలో ఉన్న దారే కారిడార్. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దర్ని చంపింది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో పనికి వెళ్లిన అమ్మాయిని చంపింది. అక్కడ పత్తి ఏరే వాళ్లు తల వెనక మాస్కులు కట్టుకుని పనిచేసిన ఫొటోలు మీరు చూసే ఉంటారు.

దేశంలో 2006లో 1,411 పులులు ఉన్నాయని లెక్క. 2022కి 3,682. మంచి విషయమే. కానీ ఆ పెరిగినవన్నీ తిరిగేది ఈ ఊళ్ల మధ్యే. కాబట్టి వెళ్లినప్పుడు ఊళ్లోవాళ్ల హోమ్‌స్టేలో ఉండే వీలుంటే ఉండండి, వాళ్ల చేతి భోజనం తినండి. పెద్ద రిసార్టులో ఉంటే తప్పని కాదు. పిట్లా, భాకరీ, ఆ మిర్చి ఠేచా మాత్రం వదలకండి. బాపుకి ఠేచా ఎంత నచ్చిందంటే మన రోటి పచ్చడే కదా అని రెండుసార్లు వేయించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఫోన్ తెరిస్తే గ్రూపులో ఒకటే ప్రశ్న. "పులి ఫొటో పెట్టు." నా దగ్గర లేదు. మా ఫ్రెండ్ కెమెరాలో ఒకటుంది, సగం తోక, ముప్పాతిక మంది జనం. అది పెడితే ఎవరూ నమ్మలేదు. బాపు మాత్రం కాగజ్‌నగర్ వచ్చేదాకా పక్క సీటాయనకి ఆ రెండు సెకన్ల గురించి చెప్తూనే ఉన్నాడు. మంచిర్యాల వచ్చేసరికి అది ఐదు నిమిషాలైంది.

ఇప్పుడు మళ్లీ వెళ్దాం అంటున్నాడు. ఈసారి డిసెంబర్ అంట, చలి అయినా పర్లేదంట, దుప్పటి కప్పుకుంటాడంట. నేను సైట్ తెరిచి తేదీలు చూస్తుంటే వెనక నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, "ముందు గేటు చూడు" అంటున్నాడు.

మీలో ఎవరైనా తడోబాకి పెద్దవాళ్లని తీసుకెళ్లి ఉంటే ఏ గేటు దారిలో కుదుపులు తక్కువో కింద రాయండి, మాకు పనికొస్తుంది. ఉంటానండీ మరి. నమస్తే.